అమ్మబోయే ఇంటికి ఈపీసీ ‘డి’ వచ్చింది, ‘సి’ కోసం డబ్బు పెట్టాలా?

ముందు జవాబు చెప్పేస్తాను: ఇప్పుడే ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి.

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. ఇంగ్లండ్‌లోని రీడింగ్ అనే ఊళ్లో 1934లో కట్టిన మూడు బెడ్‌రూమ్‌ల సెమీ ఇల్లు, అంటే ఒకవైపు గోడ పక్కింటితో కలిసి ఉండేది. 4 లక్షల 60 వేల పౌండ్లకు అమ్మకానికి పెట్టబోతున్నారు. ఈపీసీ అంటే ఎనర్జీ పర్ఫార్మెన్స్ సర్టిఫికెట్, ఇల్లు ఇంధనాన్ని ఎంత పొదుపుగా వాడుతుందో ‘ఏ’ (మంచిది) నుంచి ‘జి’ దాకా గ్రేడ్ ఇచ్చే కాగితం. పాతదాని గడువు అయిపోయిందని ఏజెంటే ఒక అసెసర్‌ని, అంటే ఇల్లు చూసి ఈ గ్రేడ్ వేసే మనిషిని, పంపాడు. కొత్తది ‘డి’, 63 పాయింట్లు వచ్చింది. ‘సి’ ఉంటే ధర బాగా పలుకుతుందని ఏజెంట్ అన్నాడు. దాంతో సోలార్‌కి 7 వేలు, గ్రాంటు పోను హీట్ పంప్‌కి (కరెంటుతో నడిచి ఇంటిని వేడి చేసే యంత్రం) 5 వేలు, బయటి గోడల ఇన్సులేషన్‌కి 16 వేలు అని కొటేషన్లు తెచ్చుకున్నారు. మీ ఆవిడేమో “అమ్మేసే ఇంటికి ఇంత ఖర్చెందుకు” అంటున్నారు. చివర్లో కూకట్‌పల్లి ఫ్లాట్ గురించి కూడా ఒక ప్రశ్న వేశారు, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మీ ఆవిడ మాటే కరెక్ట్. నేను పదకొండేళ్లుగా ఇంగ్లండ్‌లో డొమెస్టిక్ ఎనర్జీ అసెసర్‌గా ఉన్నాను. టేపు, టార్చి, మడత నిచ్చెన వేసుకుని ఇల్లిల్లూ తిరిగే పని. ‘సి’ కోసం వేలు పోసి, అమ్మేటప్పుడు అందులో సగం కూడా రాబట్టుకోలేకపోయిన వాళ్లని చాలామందిని చూశాను. పాత బిల్లులు వెతికి నా ముందు పెట్టి, పెద్ద ఖర్చేమీ లేకుండా అక్షరం మారిన వాళ్లనీ చూశాను.

అమ్మడానికి ఈపీసీ ఉండాలి, అంతే. ఇంత గ్రేడ్ రావాలన్న కనీస పరిమితి లేదు. ‘జి’ ఇల్లు కూడా నిక్షేపంగా అమ్ముకోవచ్చు. 2007 ఆగస్టులో హోమ్ ఇన్ఫర్మేషన్ ప్యాక్ అనే, అమ్మేవాళ్లు సిద్ధం చేయాల్సిన కాగితాల కట్టలో భాగంగా ఇది ఇంగ్లండ్, వేల్స్‌లో మొదలైంది. 2010 మేలో ఆ ప్యాక్‌ని పక్కన పెట్టేశారు, ఈపీసీ మాత్రం మిగిలింది. పదేళ్లు చెల్లుతుంది. ఇల్లు మార్కెట్‌లో పెట్టే ముందే దాన్ని ఆర్డర్ చేసి ఉండాలి. ఏడు రోజుల్లో తెచ్చుకోవడానికి గట్టిగా ప్రయత్నించాలి, తప్పనిసరైతే ఇంకో 21 రోజులు ఆగుతారు. లేకపోతే 200 పౌండ్ల జరిమానా. మీకు ఆ సర్టిఫికెట్ వచ్చేసింది కాబట్టి చట్టం వైపు నుంచి టెన్షన్ ఏమీ లేదు, రేపే ఇల్లు మార్కెట్‌లో పెట్టుకోవచ్చు.

ఇక ధర. ఏజెంట్ మాట పూర్తిగా అబద్ధం కాదు. ఇంగ్లండ్‌లో 1995, 2012 మధ్య కనీసం రెండుసార్లు చేతులు మారిన 3 లక్షలకు పైగా ఇళ్లని తీసుకుని చేసిన అధ్యయనం ఒకటుంది. ‘డి’ ఇళ్లతో పోలిస్తే ‘ఏ’, ‘బి’ ఇళ్లు 5 శాతం, ‘సి’ ఇళ్లు 1.8 శాతం ఎక్కువ పలికాయని అందులో తేలింది. మీ ధర మీద 1.8 శాతం అంటే 8,280 పౌండ్లు. మీ మూడు కొటేషన్లు కలిపితే 28 వేలు. పైగా ఆ అధ్యయనమే ఇంకో మాట చెప్పింది: ఈ తేడా ఫ్లాట్లలో, వరసగా అంటుకుని ఉండే టెర్రేస్ ఇళ్లలో ఎక్కువ, సెమీల్లో, విడిగా ఉండే డిటాచ్డ్‌లలో తక్కువ. మీది సెమీ. నా అనుభవంలో కూడా మూడు బెడ్‌రూమ్‌ల సెమీ చూడ్డానికి వచ్చే కుటుంబాలు ముందు అడిగేది స్కూల్ క్యాచ్‌మెంట్ (ఇల్లు ఏ స్కూల్ పరిధిలోకి వస్తుందన్నది), తర్వాత వంటగది, ఆ తర్వాత పార్కింగ్. మనవాళ్లయితే తూర్పు ఎటు అని ఫోన్‌లో కంపాస్ తీస్తారు. ఈపీసీ గ్రాఫ్ ఎక్కడో పదో ఫోటో తర్వాత ఉంటుంది.

నిజంగా గ్రేడ్ చూసి కొనే వాళ్లు ఒక రకం ఉన్నారు: అద్దెకి ఇవ్వడానికి కొనేవాళ్లు. 2018 ఏప్రిల్ నుంచి కొత్త అద్దె ఒప్పందాలకీ, 2020 ఏప్రిల్ నుంచి నడుస్తున్న వాటికీ కనీసం ‘ఇ’ ఉండాలి. దాన్ని 2030 నాటికి ‘సి’ చేస్తామని ప్రభుత్వం చెప్తూ వస్తోంది కాబట్టి ల్యాండ్‌లార్డులు ‘డి’ చూడగానే ఖర్చు లెక్క వేసుకుంటారు. మీ వీధిలో అద్దె ఇళ్లే ఎక్కువైతే ఈ సంగతి కాస్త పట్టించుకోవాలి. గ్రీన్ మార్ట్‌గేజ్ పేరుతో కొన్ని బ్యాంకులు మంచి గ్రేడ్ ఉన్న ఇంటి లోన్ మీద వడ్డీ కాస్త తగ్గిస్తాయి, లేదా క్యాష్‌బ్యాక్ ఇస్తాయి. అది ఎక్కువగా ‘ఏ’, ‘బి’ ఇళ్లకి, అంటే కొత్తగా కట్టిన వాటికి. 1934 ఇంటిని అమ్మకం కోసం ‘బి’ చేయాలనుకోవడం వృథా ప్రయాస.

ఇప్పుడు అసలు విషయం. ‘సి’ అంటే 69 నుంచి 80. మీకు 63 ఉంది, ఆరు పాయింట్లు తక్కువ. ఆ ఆరూ నిజంగా మీ ఇంట్లో లేవా, లేక ఉండి కూడా కాగితం మీదికి ఎక్కలేదా? ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

మేం వచ్చేది ముప్పావుగంట, గంట. గోడ పగలగొట్టం, ఫ్లోర్ బోర్డులు పీకం. కళ్లకి కనిపించిందీ, కాగితంతో రుజువైందీ మాత్రమే రాస్తాం. రెండూ లేనప్పుడు ఇల్లు కట్టిన కాలాన్ని బట్టి సాఫ్ట్‌వేర్ ఒక అంచనా వేసేస్తుంది. మీ ఈపీసీలో గోడల ఎదురుగా “సాలిడ్ బ్రిక్, యాజ్ బిల్ట్, నో ఇన్సులేషన్, అజ్యూమ్డ్” అని ఉందన్నారు, అంటే కట్టినప్పటి గట్టి ఇటుక గోడ, ఇన్సులేషన్ లేదని. ఆ చివరి మాట పట్టుకోండి. అజ్యూమ్డ్ అంటే చూసి రాసింది కాదు, అనుకుని రాసింది.

1930ల ఇళ్లతో తిప్పలే ఇది. అంతకుముందు కాలంలో ఎక్కువగా 9 అంగుళాల గట్టి ఇటుక గోడే. ముప్ఫైల్లో మధ్యలో ఖాళీ వదిలి రెండు పొరలుగా కట్టడం బాగా పెరిగింది. ఒకే వీధిలో రెండు రకాలూ ఉంటాయి. మీ ఇంటి ముందుభాగానికి గులకరాళ్ల పూత ఉందన్నారు కాబట్టి అటువైపు ఇటుక కనపడదు. పక్క గోడకో, వెనక వంటగది డ్రెయిన్ పైపు దగ్గరికో వెళ్లి చూడండి, ఎక్కడో ఒకచోట పూత లేని ఇటుకలు కనిపిస్తాయి. ఇటుకలన్నీ పొడుగ్గా, ఒకే సైజులో పరిచి ఉంటే మధ్యలో ఖాళీ ఉన్న గోడ అయ్యే అవకాశం ఎక్కువ. పొడుగు ఇటుకల మధ్య మధ్యలో పొట్టి ముఖాలు కనిపిస్తుంటే, అంటే ఇటుకని అడ్డంగా లోపలికి తోసి పెట్టి ఉంటే, అది గట్టి గోడ. తర్వాత తలుపు తెరిచి గుమ్మం దగ్గర గోడ మందం టేపుతో కొలవండి. గట్టి గోడ లోపలి ప్లాస్టర్‌తో కలిపి పది అంగుళాలకి అటూ ఇటూ వస్తుంది. ఖాళీ గోడ అయితే ఇటుకలూ ఖాళీ కలిపే 11 అంగుళాలు, ప్లాస్టర్ దాని మీద అదనం. ముందు గోడ దగ్గర కొలిస్తే పూత మందం తీసేయడం మర్చిపోవద్దు. చాలామంది అక్కడే పొరబడతారు.

ఖాళీ గోడ అని తేలితే ఇంకో పని. ఇటుకల మధ్య సిమెంటు గీతల్లో రూపాయి బిళ్లంత గుండ్రటి మాట్లు వరసగా, సమాన దూరంలో ఉన్నాయేమో చూడండి, ముఖ్యంగా కిటికీల కింద. ఉంటే మీకన్నా ముందున్న ఓనర్ ఎప్పుడో లోపల ఇన్సులేషన్ నింపించాడన్నమాట. దీనికి సీగా అనే సంస్థ 25 ఏళ్ల గ్యారంటీ ఇస్తుంది. మీ అడ్రస్ మీద ఏదైనా నమోదై ఉందేమో వాళ్లని అడగొచ్చు. మీ పాయింట్లలో పెద్ద ముక్క గోడ దగ్గరే ఉంటుంది. నింపిన ఖాళీ గోడని ఏమీ లేని గట్టి గోడగా రాసి ఉంటే, మీకు తగ్గిన ఆరు పాయింట్లకి మించే అక్కడ పోయి ఉండొచ్చు.

రెండోది లాఫ్ట్, అంటే పైకప్పు కింద ఉండే అటక. 2017లో 270 మిల్లీమీటర్ల ఇన్సులేషన్ ఉన్ని పరిపించాం, తర్వాత పైన చెక్కలు కొట్టించామని రాశారు. అసెసర్ పైకి ఎక్కాడా? ఎక్కినా ఏం కనిపించింది? ఇది ఎందుకు అడుగుతున్నానంటే, కిందటి ఏడాది ఒక తెలుగువాళ్ల ఇంటికి వెళ్లాను. లాఫ్ట్ తలుపు తెరవగానే ఎయిర్‌పోర్టు బరువు పట్టీలు ఇంకా ఊడని సూట్‌కేసులు, బొమ్మల కొలువు డబ్బాలు, ఎప్పటిదో ప్రెషర్ కుక్కర్ అట్టపెట్టె. మన ఊళ్లో వంటింటి అటక మీద ఏం ఉంటాయో అవే. అడుగంతా చెక్కలు, ఎక్కడా ఉన్ని కనపడదు. ఆయన కింద నుంచి “ఉందండీ, నేనే దగ్గరుండి వేయించాను” అంటున్నాడు. ఆయన మాట నేను నమ్ముతాను, సాఫ్ట్‌వేర్ నమ్మదు కదా. చివరికి ఒక మూల వదులుగా ఉన్న చెక్క లేచింది. టేపు దించి, ఉన్నితో సహా ఫోటో తీసుకున్నాను. ఆ చెక్క లేవకపోతే ‘తెలియదు’ అని రాసి వచ్చేవాణ్ణి. మీరూ ఒక చెక్క స్క్రూలు తీసి పెట్టండి, 2017 బిల్లు పక్కన పెట్టండి. లాఫ్ట్ వల్ల ఒకటి రెండు పాయింట్లే రావొచ్చు, కానీ మీ ఖర్చు ఒక స్క్రూ డ్రైవర్.

ఇంకో మాట, ఉన్ని మీద చెక్కలు నొక్కి కొట్టించి ఉంటే 270 కాస్తా 100కి దిగిపోయి ఉంటుంది. అలాంటప్పుడు నొక్కుకుపోయిన మందమే లెక్క.

కిటికీల విషయంలో మీరు అదృష్టవంతులు, 2019లో మార్చారు కాబట్టి ఫెన్సా సర్టిఫికెట్ (కిటికీలు నిబంధనల ప్రకారం పెట్టారని చెప్పే కాగితం) ఉండాలి. పోతే కాపీ తెప్పించుకోవచ్చు. అదీ లేకపోతే రెండు అద్దాల మధ్య అంచున ఉండే సన్నటి అల్యూమినియం పట్టీ మీద టార్చి వేసి చూడండి, చాలావాటి మీద తయారైన తేదీ చిన్న అక్షరాల్లో ఉంటుంది. 2002కి ముందువా, తర్వాతవా అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది.

చిన్నవి కూడా చెప్పేస్తాను. బల్బులన్నీ ఎల్‌ఈడీ చేయండి. 2025 జూన్ 15 నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో ఎల్‌ఈడీ, సీఎఫ్‌ఎల్ విడివిడిగా లెక్కపెడుతున్నాం, ప్రతి కిటికీనీ విడిగా కొలుస్తున్నాం. రేడియేటర్లకి థర్మోస్టాట్ వాల్వులు లేకపోతే పెట్టించండి. వాడని ఫైర్‌ప్లేస్ తెరిచి ఉంటే అదీ వేడి పోయే దారిగానే లెక్క. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ స్టార్లు మాత్రం ఎన్ని ఉన్నా ఇక్కడ పనికిరావు.

ఇప్పుడు మీ కొటేషన్లు. హీట్ పంప్ వేస్తే గ్రేడ్ ఎగిరి గంతేస్తుందని చాలామంది అనుకుంటారు. ఈపీసీ మీద కనిపించే ఆ అంకె ఇంటిని వేడి చేయడానికి అయ్యే ఖర్చు మీద ఆధారపడింది. కరెంటు యూనిట్ ధర గ్యాస్ యూనిట్‌కి దాదాపు నాలుగింతలు. మంచి గ్యాస్ కాంబీ బాయిలర్ తీసేసి హీట్ పంప్ పెట్టిన ఇంట్లో అంకె పెద్దగా కదలకపోవచ్చు, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. ఈ విడ్డూరం ప్రభుత్వానికీ తెలుసు. ఒక్క అంకె బదులు రకరకాల కొలతలు చూపిద్దామని 2024 డిసెంబర్‌లో ప్రతిపాదన పెట్టారు. హీట్ పంప్ మంచిదే, 7,500 గ్రాంటు కూడా మంచిదే, కానీ అది ఆ ఇంట్లో పదేళ్లు ఉండేవాళ్లకి. రేపు ఖాళీ చేసి వెళ్లే మీకు కాదు.

సోలార్ మాత్రం పాయింట్లు బాగా తెస్తుంది, మీ విషయంలో అయితే ‘సి’కి చేర్చేస్తుంది కూడా. 7 వేలు పెట్టి, మహా అయితే 8 వేలు ఆశించి, మధ్యలో స్కాఫోల్డింగ్, కాగితాలు, నెలన్నర ఆలస్యం. నేనైతే చేయను. ఇల్లు ఎండలో దక్షిణానికి తిరిగి ఉంటే ఆ మాటే ప్రకటనలో రాయించండి, కొనేవాళ్లు వాళ్లకి నచ్చింది పెట్టుకుంటారు.

బయటి గోడల ఇన్సులేషన్ దగ్గర నేను కాస్త గట్టిగానే చెప్తాను: వద్దు. ప్రభుత్వ పథకాల కింద వేసిన బయటి గోడల ఇన్సులేషన్‌లో 98 శాతం ఇళ్లలో సరిచేయాల్సిన పెద్ద లోపాలు ఉన్నాయని 2025 అక్టోబర్‌లో నేషనల్ ఆడిట్ ఆఫీస్ రిపోర్టు ఇచ్చింది. మీరు సొంత డబ్బుతో మంచివాళ్లతో చేయించుకోవచ్చు, అది వేరు. కానీ ఈ వార్త చదివిన కొనుగోలుదారుకి కొత్తగా పూసిన గోడ చూడగానే అనుమానం వస్తుంది, వాళ్ల తరఫున ఇల్లు పరీక్షించే సర్వేయర్‌కి ఇంకా ఎక్కువ వస్తుంది. లాఫ్ట్‌లో పైకప్పు కింద స్ప్రే ఫోమ్ కొడతామని ఎవరైనా ఫోన్ చేస్తే అసలు మాట్లాడకండి. చాలా బ్యాంకులు ఆ ఫోమ్ ఉన్న ఇంటికి లోనే ఇవ్వవు. గ్రేడ్ కోసం చేసిన పని అమ్మకాన్నే ఆపేస్తుంది.

కాబట్టి వరస ఇది. శని, ఆదివారాల్లో గోడ కొలవండి, కాగితాలు వెతకండి. కొత్త సంగతి ఏమైనా దొరికితే ముందు అదే అసెసర్‌కి ఫోటోలతో మెయిల్ పెట్టండి. ఆయన వల్ల తప్పు జరిగి ఉంటే సరిచేసి మళ్లీ రిజిస్టర్‌లో ఎక్కించగలడు. స్పందించకపోతే ఆయనకి గుర్తింపు ఇచ్చిన అక్రెడిటేషన్ సంస్థ పేరు ఈపీసీ చివర్లో ఉంటుంది, అక్కడ ఫిర్యాదు చేయొచ్చు. లేదా వేరే అసెసర్‌ని మీరే పిలుచుకోండి, అరవై నుంచి వంద పౌండ్ల మధ్య తీసుకుంటారు. ఏజెంట్ పంపినవాడే రావాలన్న రూల్ లేదు, ఏజెంట్ ద్వారా వస్తే మధ్యలో అతని వాటా కూడా మీరే కడతారు. రెండు ఈపీసీలు ఉంటే కొత్తదే చెల్లుతుంది. గోడ ఖాళీదే, కానీ నింపలేదని తేలితే, అప్పుడు మాత్రం నింపించడానికి కొటేషన్ తీసుకోండి. మూడు వేల లోపు అయిపోవాలి, 2027 మార్చి దాకా దానికి వ్యాట్ కూడా లేదు. అదీ వాన నేరుగా కొట్టే గోడ కాకపోతేనే, పూతలో పగుళ్లు లేకపోతేనే. గట్టి గోడే అని తేలితే 63తోనే అమ్మేయండి, అందులో నామోషీ ఏమీ లేదు. ఆ కాలం ఇళ్లలో ‘డి’ అంటే మామూలే.

“ఇంకో యాభై ఇస్తాం, 69 వేసేయండి” అని నన్ను నిజంగానే అడిగినవాళ్లు ఉన్నారు. కుదరదు. ప్రతిదానికీ ఫోటో ఎక్కించాలి, ఆడిట్ ఉంటుంది, దొరికితే లైసెన్స్ పోతుంది.

కొనేవాళ్లు ‘డి’ చూపించి బేరం ఆడితే ఏం చేయాలన్నారు. మీ ఏడాది గ్యాస్, కరెంటు బిల్లులు తీసి చూపించండి. ఈపీసీలో ఉండేది సగటు మనుషుల లెక్క, హాల్లో 21 డిగ్రీలు పెట్టుకునే కుటుంబం లెక్క. అయితే మీ అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలు ఉండి, పగలూ రాత్రీ హీటింగ్ 24లో పెట్టిన ఏడాది బిల్లు మాత్రం చూపించకండి.

ఇక కూకట్‌పల్లి ఫ్లాట్. అక్కడ పాత ఫ్లాట్ అమ్మడానికి ఇలాంటి సర్టిఫికెట్ ఎవరూ అడగరు. ఇక్కడ ఈపీసీ, అక్కడ ఈసీ. ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, లింక్ డాక్యుమెంట్లు, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, సొసైటీ బకాయిలు లేవన్న కాగితం, ఇవి సిద్ధం చేసుకోండి చాలు. ఇళ్ల కోసం బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ 2018లో ఎకో నివాస్ సంహిత తెచ్చింది, ఇళ్లకి స్టార్ లేబుల్ కూడా పెట్టింది, కానీ లేబుల్ స్వచ్ఛందమే. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ పాలసీ 600 గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లో కట్టే కొత్త ఇళ్లకి. మీ పాత ఫ్లాట్‌కి దానితో పని లేదు. మీది పై అంతస్తు అయితే మాత్రం అమ్మకానికి పెట్టే ముందు స్లాబు మీద తెల్ల కూలింగ్ పెయింట్ వేయించండి. మే నెల మధ్యాహ్నం చూడ్డానికి వచ్చినవాళ్లకి గదిలోకి అడుగుపెట్టగానే తేడా తెలుస్తుంది.

గోడ కొలిచాక ఎంత వచ్చిందో ఇక్కడే రాయండి. వెనక వైపు ఇటుకలు కనిపించేలా ఒక ఫోటో, టేపు పెట్టి గుమ్మం దగ్గర ఒక ఫోటో పెడితే అది ఏ గోడో నేను చెప్పగలను.